రూలు పంతులుగారు

పంతులుగారు పోయిన సంగతి నాకు రాజమండ్రి స్టేషన్లో తెలిసింది. చెప్పినవాడు ఆయన మేనల్లుడు సూర్యం. ప్లాటుఫారం మీద తలపాగా తీసి నుదురు తుడుచుకుంటుంటే, గుండు మీద అప్పుడప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు చూసి నాకు అనుమానం వచ్చింది.

"ఎవరు పోయారు, సూర్యం?" అని అడిగాను.

"మావయ్య. పోయిన నెల. కర్మంతా నా చేతిమీదుగానే జరిగింది. ఆయనకి పిల్లలు లేరు కదా."

ఇంకేదో అడగబోయేలోపల అతని బండి వచ్చింది. నా బండి తరవాత వచ్చింది. వంతెన మీద గోదావరి దాటుతున్నంతసేపూ నీళ్ళవంక చూస్తూ కూర్చున్నాను గాని నాకు నీళ్ళు కనబడలేదు. ఒక నల్లబల్లా, దాని ముందు ఒక పొట్టి మనిషీ కనబడ్డారు.

ఆ వంతెన ఇంకా లేని రోజుల్లో, కాలవ గట్టు మీద ఉన్న ఒక తాలూకా ఊళ్ళో ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. ఊరంతా ఆయన్ని రూలు పంతులని పిలిచేది. ఎదట పడితే మాత్రం అందరూ పంతులుగారూ అనేవారు. పొట్టిమనిషి, గొంతు పెద్దది. నల్లబల్లని ఆయనే తుడిచేవారు, పైనుంచి కిందికి, ఒక్క గీత కూడా మిగలకుండా. ఆ పని పిల్లలకి ఎప్పుడూ చెప్పేవారు కాదు. లెక్క మొదలుపెట్టేముందు పొడుం డబ్బా మూత తీసి, చిటికెడు వేళ్ళమధ్య పట్టుకుని, లెక్క తేలేదాకా పీల్చకుండా అలాగే పట్టుకునేవారు. పెద్ద లెక్కయితే మా చూపంతా ఆ చిటికెడు మీదే. తేలాక ఒక్కసారి పీల్చి, "ఇప్పుడు చెప్పండి, ఇందులో భయపడాల్సింది ఎక్కడుంది?" అని అడిగేవారు.

బడి గేటు లోపల ఆయన ఎవర్నీ ఒరే అనలేదు. ఎంత చిన్నవాణ్ణయినా "ఏమయ్యా" అనే పిలిచేవారు. కన్నకొడుకులా పెంచుకుంటున్న సూర్యాన్ని కూడా. గేటు దాటితే సూర్యం "ఒరే సూర్యం" అయ్యేవాడు. గేటు దాటితే నేను ఎవరినీ కాను. వీధిలో ఎదురైతే ఆయన నేల చూసుకుంటూ రెండో వైపుకి తప్పుకునేవారు. సాయంత్రం బడి వదిలాక లాకుల దగ్గర కాలవలో దిగి, కట్టుబట్టలతో మునిగి, తడిబట్టలతోనే ఇంటికి వెళ్ళేవారు. నేను చేరకముందూ అదే అలవాటట. "నువ్వొచ్చాక ఇంకాస్త ఎక్కువసేపు మునుగుతున్నాడు," అని చాలా ఏళ్ళ తరవాత సూర్యం నాతో అన్నాడు. నేను నవ్వాను. అది వినడానికి కష్టంగా లేదని కాదు. కాని ఆయన దాచి చేసిన పని కాదు అది. ఆయనలో దాచిందేదీ లేదు.

బడి సంగతి చెప్పాలి. అనకట్ట కట్టే రోజుల్లో కాలవల ఇంజనీర్లు సామాన్లు పెట్టుకోవడానికి వేసిన పెంకుల గోదాము అది. మధ్యలో అడ్డుగోడలు కట్టి బడికిచ్చారు. ఎండాకాలం గోడల్లోంచి ఇంకా తారు వాసన వచ్చేది. మొదట్లో అందులో కరణాల పిల్లలు, ప్లీడర్ల పిల్లలు, అగ్రహారాల పిల్లలు చదివేవారు. కాలవ నీళ్ళొచ్చి చేలు పండి, చేతిలో నాలుగు రాళ్ళు ఆడాక రైతుల పిల్లలు వచ్చారు. బియ్యం వర్తకుల పిల్లలు ఇంగ్లీషులో సంతకం, వడ్డీ లెక్క వచ్చేదాకా ఉండి వెళ్ళిపోయేవారు. సాయిబుల పిల్లలు ఒకరిద్దరు. ఏ కులంవాళ్ళు ఎందరున్నారని పైవాళ్ళు ఏటా అడిగేవారు. పంతులుగారు రాసి పంపవలసింది పంపేవారు గాని, ఎవరైనా నోటితో అడిగితే మాత్రం, "నాలుగో ఫారం, అయిదో ఫారం, ఆరో ఫారం. నా బడిలో ఇవే రకాలు," అనేవారు.

మెట్రిక్యులేషన్ ఫలితాలు వచ్చిన రోజున ఊళ్ళో పెద్దలు బడి వరండాలోకి వచ్చేవారు. ఎందరు పాసయ్యారు పంతులుగారూ అని అడిగితే, ఆయన తప్పినవాళ్ళ పేర్లు చదివేవారు. ఎవడు యూక్లిడ్‌లో ఏ సిద్ధాంతం దగ్గర ఆగిపోయాడో, ఎవడి ఇంగ్లీషు ఎక్కడ కుంటిదో, అన్నీ. "పాసైనవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు పాసయ్యారండి. తప్పినవాళ్ళని నేను తప్పించాను," అనేవారు. పెద్దలకి ఇది నచ్చేది కాదు. వాళ్ళు మంచిమాట వినడానికి వచ్చినవాళ్ళు.

మా నాన్న మిషను వాళ్ళ ఉపదేశి. ఊరి బయట మా పేటలో, మట్టిగోడల గుడిలో ఆదివారం ప్రసంగం చెప్పి, మిగతా రోజులు అదే గుడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించేవాడు. మిషను బడిలో నాలుగో ఫారం దాకా నా మిడిల్ స్కూలు చదువు అయ్యాక, ఒక పొద్దున్న చలువ చేసిన పంచె కట్టుకుని నన్ను హైస్కూలుకి తీసుకెళ్ళాడు. వరండా కిందే నిలబడ్డాం. పంతులుగారు బయటికి వచ్చారు.

"ఆయ్, అబ్బాయిని చేర్పిద్దామని తీసుకొచ్చానండి," అని నాన్న రెండు చేతులతో ఒక కవరు చాపాడు.

"అదేంటి?"

"మిషను దొరగారి ఉత్తరమండి. తమకేనండి."

"అది మీరే ఉంచుకోండి. మిడిల్ స్కూలు సర్టిఫికెట్టు ఉందా?"

ఉంది. గడప మీద పెట్టమన్నారు. పెట్టాక వంగి తీసుకుని, చివరిదాకా చదివి, నన్ను ఒక ఇంగ్లీషు వాక్యం తెలుగులో చెప్పమన్నారు. చెప్పాను. ఒక మాట తప్పు చెప్పానని దిద్ది, అయిదో ఫారంలో కూర్చోమన్నారు. అంత తేలిగ్గా అవుతుందని నాన్న అనుకోలేదు.

"తమకేమీ ఇబ్బంది రాదు కదండీ?" అన్నాడు.

"వస్తుంది," అన్నారాయన. "సర్కారు బడిలో కులం పేరు చెప్పి ఎవర్నీ కాదనకూడదని రూలు ఉంది. దయ తలచి మీవాణ్ణి చేర్చుకున్నానని అనుకోవద్దు. దయ ఇవాళ ఉండి రేపు పోవచ్చు. రూలు పోదు."

ఇంటికి వస్తూ దారిలో నాన్న ఒక్క మాటే అన్నాడు. "మనిషి కటువు. కాని ఆ మాట బావుందిరా దానియేలూ."

మొదటి ఏడు ఏమీ జరగలేదు. నేను చివరి బెంచీలో గుమ్మం పక్కన కూర్చునేవాణ్ణి. దాహానికి సొరకాయ బుర్రలో నీళ్ళు ఇంటినుంచే తెచ్చుకునేవాణ్ణి. నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు, ఎవరూ పొమ్మనేవారూ కాదు. ఊరు చూసీ చూడనట్టు ఊరుకుంది. చిక్కంతా ఆరో ఫారంలో, నాకు మార్కులు రావడంతో మొదలయింది.

ఆ బడిలో పరీక్షలో వచ్చిన వరసనే బెంచీల్లో కూర్చోవాలి. పంతులుగారు ఎప్పుడో పెట్టిన పద్ధతి అది. ఎవరి కొడుకైనా అంతే. దసరా సెలవుల ముందు జరిగిన పరీక్షలో సూర్యం మొదటివాడు, నేను రెండోవాణ్ణి, బడి కమిటీ ప్రెసిడెంటుగారబ్బాయి మూడోవాడు. పంతులుగారు చదువుతుంటే ఒక్కొక్కళ్ళూ లేచి తమ చోటుకి వెళ్తున్నారు. సూర్యం మొదటి బెంచీ అంచున కూర్చున్నాడు. నా పేరు చదివారు. నేను లేవలేదు.

"దానియేలు," అని మళ్ళీ పిలిచారు. "ఏమయ్యా, వినబడలేదా?"

లేచి వెళ్ళి సూర్యం పక్కన కూర్చున్నాను. మూడో పేరు చదివారు. ప్రెసిడెంటుగారబ్బాయి నా దాకా వచ్చి, నిలబడి, వెనక్కి తిరిగి, పుస్తకాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పంతులుగారు నాలుగో పేరు చదివారు.

మధ్యాహ్నానికల్లా ప్రెసిడెంటుగారు వచ్చారు. చేలూ, పడవలూ, మాటకి బలమూ ఉన్న పెద్ద రైతు. చెడ్డమనిషి కాదు. బడికి పెంకులు వేయించింది ఆయనే. గది గుమ్మంలోనే మాట్లాడారు. మేమంతా విన్నాం.

"పంతులుగారూ, ఆ కుర్రాణ్ణి చదువుకోవద్దనడం లేదు నేను. చదువుకోనివ్వండి. చివర కూర్చోపెట్టండి, అంతే. ఏడాదిపాటు అక్కడే కూర్చున్నాడు కదా, ఇప్పుడేం వచ్చింది?"

"మార్కులు వచ్చాయండి," అన్నారు పంతులుగారు.

"మీకూ ఆచారం ఉంది కదా. మీరు చేసుకునే స్నానం సంగతి ఊరందరికీ తెలుసు. మా పిల్లలకి మాత్రం ఉండక్కర్లేదా?"

"నా స్నానం బడి వదిలాక. మీ అబ్బాయిని కూడా చేయమనండి, నేను కాదనను. కాని ఆ చోటు నేను ఇచ్చింది కాదు. అతను రాసుకున్నది. నేనెలా తీసుకుంటాను?"

"ఆఖరి మాటేనా?"

"బడి ఆఖరి గంట నాలుగింటికండి. దాని తరవాత ఇంటికి రండి, ఎంతసేపైనా మాట్లాడదాం."

ప్రెసిడెంటుగారు వెళ్ళిపోయారు. ఇంటికి రాలేదు.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజున గంట కొట్టారు. ఆరో ఫారం గదిలో నేను ఒక్కణ్ణే ఉన్నాను. మిగతా గదులూ దాదాపు అంతే. సత్రంలో ప్రెసిడెంటుగారు వేరే బడి పెట్టించారు. మా పంతుళ్ళలో ఇద్దరు అటు వెళ్ళారు. సూర్యాన్ని వాళ్ళమ్మ పంపలేదు. ఆవిడ పంతులుగారి చెల్లెలు, భర్త పోయి అన్నగారింట్లోనే ఉంటోంది. అన్నగారి ముందు పెదవి విప్పని మనిషి, ఆ రోజున కొడుకుని గదిలో పెట్టి గొళ్ళెం వేసిందట.

పంతులుగారు లోపలికి వచ్చి, హాజరు తీశారు. పేరు పేరునా పిలిచి, ఒక్కొక్క పేరు తరవాతా కాసేపు ఆగి, చివరికి నా పేరు పిలిచారు. తరవాత నల్లబల్ల తుడిచి, నిండుగదికి చెప్పినట్టే పాఠం చెప్పారు. అదే గొంతు, గోడలు అదిరే గొంతు. ప్రశ్నలు మొదటి బెంచీనుంచి చివరి బెంచీదాకా వరసగా అడిగేవారు. జవాబు చెప్పాల్సినవాడు లేడు కాబట్టి కాసేపు ఆగి నావంక తిరిగేవారు. అలా రోజూ అందరి ప్రశ్నలూ నావే. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాణ్ణి. ఆయన మాత్రం తలుపువంక చూసేవారు కాదు.

కోతలు దగ్గరపడ్డాయి. ఈసారి కోతలకి మీ పేటవాళ్ళని పిలవం అని రైతులు కబురంపారు. ఆదివారం గుడిలో ఎవరూ నాన్నని ఏమీ అనలేదు. కాని పాట అయిపోయాక లేచి వెళ్ళకుండా అందరూ అలాగే కూర్చున్నారు. మర్నాడు నాన్న నాతో బడికి వచ్చాడు. పంచె చలువది కాదు.

"వీడి పేరు కొట్టేయండి బాబూ," అన్నాడు. "నా ఒక్కడి కడుపయితే వేరు. కోతలు లేకపోతే మా పేటంతా ఏం తింటుందండి?"

పంతులుగారి చేతిలో పొడుం చిటికెడు నేల రాలిపోయింది. ఆయన చూసుకోలేదు.

"తండ్రి వచ్చి అడిగితే కొట్టెయ్యాలి," అన్నారు. "రూలు అదే. కాదనడానికి నాకు అధికారం లేదు."

నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. పంతులుగారు కలం తీసుకున్నారు, సిరాలో ముంచారు, మళ్ళీ కింద పెట్టారు. కుర్చీలోంచి లేచి వరండా అంచుదాకా వచ్చారు. అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ రాలేదు.

"ఉపదేశిగారూ," అన్నారు. ఆ ఊళ్ళో పేట మనిషిని ఎవరైనా 'గారు' అనడం నేను వినడం అదే మొదలు. "ఇది రూలు కాదు. నేనే అడుగుతున్నాను. కొట్టెయ్యమనకండి."

ఆయన గొంతు తగ్గింది. అంత చిన్నగొంతు ఆయనకి ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. నాన్న నావంక చూశాడు, ఆయనవంక చూశాడు. "పేటవాళ్ళని అడిగొస్తానండి," అన్నాడు.

ఆ సాయంత్రమే గుడి ముందర అందరూ చేరారు. నాన్న ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అందరికన్నా పెద్దది, చూపు ఆనని ఒక మామ్మ, నన్ను దగ్గరికి రమ్మని చేత్తో తడిమి అడిగింది. "నువ్వు ఆళ్ళ పిల్లల మధ్యన కూకున్నావంటగా, నిజవేనా?"

"నిజవే మామ్మా."

"ఎవరు కూకోబెట్టారు?"

"మార్కులొచ్చాయి."

"అయితే లెగవమాక," అంది. "కోతలకి తణుకు వైపు పోతాం. అక్కడ వరి పండదా ఏంటి?"

అలాగే పోయారు. పిల్లల్ని చంకనేసుకుని, కుండలు నెత్తిన పెట్టుకుని, కాలవ గట్టు పట్టుకుని పేట పేటంతా నడిచిపోయింది. గుడిసెల్లో ముసలివాళ్ళూ, మా ఇంట్లో నేనూ నాన్నా మిగిలాం. అమ్మ కూడా కొడవలి పట్టుకుని వెళ్ళింది.

పంతులుగారి తండ్రి తద్దినం ఆ నెలలోనే వచ్చింది. ఏటా ఆ ఒక్క రోజూ ఆయన సెలవు పెట్టేవారు. ఆ రోజు నాకు ఇంగ్లీషు పంతులు ఏదో చెప్పి వెళ్ళిపోయాక, గదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నాను. మధ్యాహ్నం బాగా వాలాక అడుగుల చప్పుడు వినబడింది. పంతులుగారు వచ్చారు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. పొద్దుటినుంచీ మంచినీళ్ళయినా ముట్టలేదని పెదవులు చూస్తే తెలుస్తోంది.

"యూక్లిడ్," అన్నారు.

బల్ల మీద త్రిభుజం గీశారు. రెండు మాటలు చెప్పి ఆగిపోయారు. చేయి బల్లమీద అలాగే ఉంది. కాసేపటికి తిరిగి మొదలుపెట్టారు, కాని నేను చేసిన చిన్న తప్పుకి ఎన్నడూ లేనంతగా కేకలేశారు. పుస్తకం బల్లమీద విసిరేశారు. తరవాత దాన్ని తీసి, అట్ట తుడిచి, "తప్పు నీది కాదులే. మళ్ళీ చెయ్యి," అన్నారు.

ఆ రోజు ఏం జరిగిందో సూర్యం నాకు తరవాత చెప్పాడు. తద్దినానికి పిలిచిన భోక్తలు ఇద్దరూ రాలేదు. వంట అయిపోయి, విస్తళ్ళు వేసి, ఆయన మడిబట్టతో వీధి గుమ్మంలో నిలబడి ఎదురుచూశారు. వాళ్ళు ఆ వీధిలోనే ఉంటారు. ఒకాయన తన అరుగు మీద కూర్చునే ఉన్నాడట, ఇటు చూడకుండా. వేళ మించిపోతుంటే పంతులుగారు పెరట్లోకి వెళ్ళి, ఆవుకి గడ్డి వేసి, నమస్కారం పెట్టి వచ్చారు. చెల్లెలు గోడకి చేరబడి ఏడుస్తుంటే, "ఎవరూ రాకపోతే ఆవుకి గడ్డి పెట్టినా చాలునని శాస్త్రంలో ఉందే. ఎందుకు ఏడుస్తావు?" అన్నారట. తరవాత కోటు తొడుక్కుని బడికి వచ్చారు.

ఆవిడ మాత్రం ఊరుకోలేదు. అన్నగారు ప్రాయశ్చిత్తం చేయించుకునేదాకా కొడుకుని గడప దాటనివ్వనని ఒట్టు పెట్టుకుంది.

కొన్నాళ్ళకి బళ్ళ ఇనస్పెక్టరు దొర పడవ మీద వచ్చాడు. ఖాళీ గదులన్నీ తిరిగి, మా గదిలోకి వచ్చి నన్ను లేపి ఏవో ప్రశ్నలు అడిగాడు. జవాబులు చెప్పాను. బావుందన్నట్టు తల ఊపి, పంతులుగారిని వరండాలోకి పిలిచాడు. ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు గాని నాకు అర్థమవుతూనే ఉంది. కుర్రాడు తెలివైనవాడే, కాని ఒక కుర్రాడి చోటుకోసం బడినే పోగొట్టుకుంటామా, కొంచెం లౌక్యం ఉండాలి, వెనక బెంచీలో కూర్చున్నా చదువు చదువే కదా అన్నాడు దొర.

"బడిలో కులం చూడకూడదన్న రూలు చేసింది మీరు," అన్నారు పంతులుగారు. "మార్చాలనుంటే మార్చి పంపండి. నేను అలాగే చేస్తాను. మార్చేదాకా దాన్ని మీనుంచి కూడా కాపాడడం నా ఉద్యోగం."

దొర ముఖం ఎర్రబడింది. భోజనానికి ప్రెసిడెంటుగారి తోటలోకి వెళ్ళాడు. పంతులుగారి బదిలీ అక్కడే ఖాయమయిందని ఊళ్ళో అందరూ చెప్పుకున్నారు.

సత్రం బడి మాత్రం నిలవలేదు. అక్కడ చదివినవాళ్ళని మెట్రిక్కి పంపడానికి హెడ్మాస్టరు సంతకం కావాలి. సంతకానికి హాజరు కావాలి. ఆ సంగతి ముందు రైతులకి తట్టింది. ప్లీడర్లు పుస్తకాలు తిరగేసి నిజమేనన్నారు. ఒక సోమవారం పొద్దున్న ప్రెసిడెంటుగారబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"లోపలికి రావచ్చాండి?"

"నీ చోటు ఖాళీగానే ఉందయ్యా," అన్నారు పంతులుగారు.

అతను వచ్చి నా పక్కన, మధ్యలో పుస్తకాల దొంతర పెట్టుకుని కూర్చున్నాడు. వారం తిరక్కుండా గది నిండింది. సూర్యం చోటు ఒక్కటే ఖాళీ. చెల్లెలు ఒట్టు మీద ఉంది. అన్నగారు ఆమెని బతిమాలలేదు, బలవంతమూ చేయలేదు. కొడుకుని పంపడమూ మానడమూ ఆవిడ ఇష్టమన్నారు. చివరికి సూర్యమే గోడ దూకి వచ్చాడు. అప్పటికే హాజరు చాలకుండా పోయింది. చాలా కొంచెంలో పోయింది.

దరఖాస్తుల మీద సంతకాలు పెట్టే రోజున ప్రెసిడెంటుగారే వచ్చారు. "అందరివీ పెట్టారు, సంతోషం. సూర్యానిది కూడా పెట్టేయండి పంతులుగారూ. ఎవరు చూడొచ్చారు? మీ మేనల్లుడు."

"అందుకే పెట్టనండి."

"బడికి మొదటివాడండీ అతను."

పంతులుగారు సంతకాలయిన కాగితాలు సర్ది కట్ట కట్టారు. సూర్యం మొదటి బెంచీ అంచున కూర్చుని వింటున్నాడు. అతని పక్కన నేను. అతను ఏడవలేదు. బెంచీ అంచుని రెండు చేతులతో పట్టుకున్నాడు, అంతే. ఆయన ఆ రోజు చేసింది న్యాయమేనా అని ఎన్నోసార్లు ఆలోచించాను. ఇప్పుడు నేనూ ఒక బడికి హెడ్మాస్టర్ని. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆలోచిస్తాను. తేలలేదు.

పరీక్షలు రాశాం. ఫలితాలు వచ్చాయి. నేను పాసయ్యాను. ప్రెసిడెంటుగారబ్బాయి కూడా. ఊరి పెద్దలు వరండాలో చేరారు, ఈసారి పలచగా. నేను మెట్లకింద నిలబడ్డాను. పంతులుగారు తప్పినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివి, ఎవరెవరు ఎక్కడ తప్పారో చెప్పారు. చివర ఒక్క క్షణం ఆగి, "సూర్యం," అన్నారు.

"సూర్యం రాయనేలేదు కదండీ?" అన్నారెవరో.

"అతన్నీ నేనే తప్పించాను," అని కాగితం మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

బదిలీ ఉత్తర్వు అప్పటికే వచ్చి ఉంది. గంజాం వైపు, ఎక్కడో కొండల కింద బడి. కాకినాడ దాకా పడవ, అక్కణ్ణుంచి స్టీమరు. ఆయన వెళ్ళే పొద్దున్న నాన్నా నేనూ రేవుకి వెళ్ళి దూరంగా నిలబడ్డాం. ఊళ్ళోంచి సాగనంపడానికి ఎవరూ రాలేదు. ఆయనా, ఆయన భార్యా, గట్టు మీద పెట్టెలూ. చెల్లెలు కొడుకుతో ఊళ్ళోనే వేరే కాపురం పెట్టింది. పడవ కళాసీలు ప్రెసిడెంటుగారి మనుషులు. పెట్టెలు మోయడం మా పని కాదని వాళ్ళు అంచున కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. రేవులో నీళ్ళు తగ్గి పడవ ఒడ్డుకి ఆనలేదు. మొలలోతు నీళ్ళలో దిగి మోయాలి.

నాన్న ముందుకి వెళ్ళాడు. "మేం మోస్తామండి, తమకి అభ్యంతరం లేకపోతే."

పంతులుగారు పెట్టెలవంక చూశారు. ఆయన భార్య ఆయనవంక చూసింది. ఆయన ముఖంలో జరుగుతున్నదంతా మాకు కనబడుతూనే ఉంది. ఆయన దాచలేదు.

"వంటగిన్నెలూ, దేవుడి మందసమూ నేను మోసుకుంటాను," అన్నారు. "పుస్తకాల పెట్టెలు మీరు మోయండి."

నాన్న ఒక పెట్టె నెత్తికెత్తుకున్నాడు. పంతులుగారు దేవుణ్ణి గుండెకి హత్తుకుని నీళ్ళలో దిగారు. గట్టు మీద ఒక పెద్ద టేకు పెట్టె మిగిలింది. రెండు పక్కలా ఇనప కడియాలు. నేను ఒక కడియం పట్టుకుని లేపబోయాను, కదల్లేదు. ఎవరో రెండో కడియం పట్టుకున్నారు. తలెత్తి చూస్తే సూర్యం. ఎప్పుడొచ్చాడో చూడలేదు. పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతున్నాడు. మావయ్యవంక చూడలేదు. "ఊఁ, ఎత్తు," అన్నాడు.

ఇద్దరం పెట్టె ఎత్తుకుని నీళ్ళలో దిగాం. బరువుకి చేతులు జారుతుంటే మధ్యలో ఆగి కింద నుంచి పట్టుకోవలసి వచ్చింది. నా చేతిమీద అతని చెయ్యి పడింది. తీయలేదు. తీస్తే పెట్టె నీళ్ళపాలే.

పడవలో నిలబడ్డ పంతులుగారు మా ఇద్దరినీ చూస్తున్నారు. ఏదో అంటారనుకున్నాను. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. మేం పెట్టె అంచుమీదికి నెట్టగానే ఆయన వంగి, రెండు చేతులతో లోపలికి లాక్కున్నారు. వంగడంలో తలపాగా ఊడి నీళ్ళలో పడింది. తీసుకోవడానికి ఆయన చూడలేదు, పెట్టెమీద చేతులుంచి అలాగే కూర్చుండిపోయారు.

కళాసీలు గడ వేశారు. పడవ మెల్లగా లాకులవైపు సాగింది. మేమిద్దరం మొలలోతు నీళ్ళలో నిలబడి చూస్తున్నాం. గట్టు మీద ఇద్దరు ముగ్గురు జనం పోగయి సూర్యాన్ని చూస్తున్నారు. నాకు భయం వేసింది.

"మీ అమ్మ ఇంట్లోకి రానివ్వదేమో," అన్నాను.

సూర్యం గట్టువైపు చూశాడు, పడవవైపు చూశాడు. ముక్కు పట్టుకుని ఒక్కసారి నీళ్ళలో మునిగి లేచాడు.

"స్నానం అయిపోయిందిగా," అన్నాడు. "పద."